మంచికి ఎర్ర గీత

పైలోకమ్మను సోమవారం ఉదయం ఏడు కాకముందే క్రేను నిచ్చెన మొదట్లో ఆపేశారు. ఆపింది సేఫ్టీ సారు. రెండు వేళ్ళ మధ్య ఎర్ర పెన్ను పట్టుకుని, మూడో వేలితో ఆవిడ భుజం తట్టాడు. ఆవిడ అప్పటికే చేతితొడుగులు వేసుకుంది, నడుముకు బెల్టు బిగించింది, ఎడమ కాలు మొదటి మెట్టు మీద పెట్టేసింది. "దిగండమ్మా" అన్నాడాయన. ఒక్క మెట్టు కూడా పూర్తిగా ఎక్కని మనిషిని దిగమనడమేమిటని ఆవిడ నవ్వబోయి, ఆయన మొహం చూసి మానేసింది.

పైలోకమ్మ అనేది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఆ సైటులో అన్నిటికంటే ఎత్తైన క్రేను ఆవిడది. పొద్దున ఎక్కితే భోజనాల వేళ దాకా దిగదు. కొత్తవాళ్ళెవరైనా వచ్చి ఆవిడేదని అడిగితే, పైలోకంలో ఉందని చెప్పి, వాళ్ళు తెల్లబోతుంటే నవ్వుకోవడం పనివాళ్ళకు సరదా. ఆ సరదాయే పేరై కూర్చుంది. ఆవిడకేం పట్టింపు లేదు. నేను రోజూ పోయి వస్తున్నాను, మీకు ఒక్కటే టిక్కెట్టు, అదీ తిరుగు ప్రయాణం లేనిది, అని ఎదురు వేసేది. యాభై ఒక్కేళ్ళ మనిషి. పదకొండు నిచ్చెనలు, నిచ్చెనకు ఇరవై చొప్పున రెండు వందల ఇరవై మెట్లు రోజుకు రెండుసార్లు ఎక్కి దిగుతుంది. నిచ్చెనకూ నిచ్చెనకూ మధ్య నిలబడడానికి ఇనుప అరుగు ఉంటుంది. ఏడో అరుగు దాకా ఆవిడ ఎక్కడా ఆగదు. అక్కడ కూడా ఆయాసం వచ్చి కాదు, ఊరంతా బాగా కనిపిస్తుందని ఆగుతుంది.

సేఫ్టీ సారు జేబులోంచి కాగితం తీశాడు. కిందటి వారం సైటులో అందరికీ రక్తపరీక్ష చేశారు, ఇది ఆవిడ రిపోర్టు. అందులో అంకెల పక్కన రెండు చోట్ల హెచ్ అనే అక్షరం ఉంది. హెచ్ అంటే ఎక్కువ. ఆ రెండింటి కిందా ఎర్ర పెన్నుతో, స్కేలు పెట్టి మరీ, గీతలు గీశాడు. మొత్తం కొలెస్ట్రాల్ రెండు వందల పన్నెండు, ఒక హెచ్. దాని కింద ఇంగ్లీషులో ఏదో పొట్టి పేరు, ఎనభై ఆరు, ఇంకో హెచ్. కొత్త నియమం ప్రకారం రెండు హెచ్‌లు వచ్చినవాళ్ళు ఎత్తు మీద పనికి పనికిరారు. ఆయన ఆ మాట చదివి వినిపించాడు. గొంతులో కోపం లేదు, కోపం ఉంటే ఆవిడకు జవాబు చెప్పడం తేలికయ్యేది.

"రెండూ కొలెస్ట్రాలే అమ్మా. పైన గుండె పట్టుకుంటే మిమ్మల్ని దించడానికి ఎవరు ఎక్కాలి?"

ఇరవై రెండేళ్ళుగా ఎన్నో టన్నుల బరువుల్ని గాల్లో తిప్పిన మనిషి, ఒక కాగితం బరువుకి మెట్టు మీంచి కాలు దించేసింది. తర్వాతి పరీక్ష మూడు నెలలకు గానీ లేదట. మూడు నెలలకు ఈ భవనం పూర్తవుతుంది, క్రేనును ముక్కలు విప్పి లారీలెక్కిస్తారు. చేతిలో తగును అని రాసిన కాగితం లేకపోతే ఇంకో సైటులో ఎవరూ ఆవిడకు క్యాబిన్ తలుపు తియ్యరు. అంతకంటే దగ్గరలో శుక్రవారం ఉంది. ఆ రోజు ఏడు టన్నుల కూలింగ్ యంత్రాన్ని పద్దెనిమిదో అంతస్తు పైకప్పు మీద దించాలి. ఈ భవనానికి పునాది గుంతలోకి మొదటి ఇనుప కట్టను దించింది ఆవిడే. ఆఖరి పెద్ద బరువు కూడా తనే దించుతానని వారం రోజులుగా కనిపించిన ప్రతివాడికీ చెప్పుకుంది.

ఆవిడ స్థానంలోకి వచ్చినవాడు అప్పటికే హెల్మెట్ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కంపెనీవాళ్ళ ఇంకో సైటు నుంచి వచ్చిన ఆపరేటరు. నలభై నాలుగేళ్ళుంటాయి. సన్నగా, చొక్కా ఇస్త్రీ చెదరకుండా, జేబులో సిగరెట్ పెట్టెతో ఉన్నాడు. మర్యాదస్థుడు. "నీ సీటు లాక్కోవడానికి రాలేదక్కా, పంపిస్తే వచ్చాను" అన్నాడు. ఆవిడ బెల్టు విప్పి, క్యాబిన్ తాళం అతని చేతిలో పెట్టి, కుడి చేతి లివరు పిడి కాస్త తొందర మనిషనీ, సగంలో ఆపి ఒక క్షణం చూసి అప్పుడు కదపమనీ చెప్పింది. కూతుర్ని అత్తారింటికి పంపుతూ అప్పగింతలు పెట్టినట్టు ఉందని కింద నిలబడ్డ సిగ్నల్ మనిషి అన్నాడు. ఆ మనిషిని అందరూ ఈల తమ్ముడు అంటారు. వాకీటాకీ చేతిలో ఉన్నా ముందు ఈల వేసి గానీ మాట మొదలుపెట్టడు. ఆ పొద్దున మాత్రం ఈల వెయ్యలేదు.

* * *

ఆవిడను స్టోరులో కూర్చోబెట్టారు. రేకుల షెడ్డు. అడిగినవాళ్ళకు చేతితొడుగులు, నట్లు, బోల్టులు, టేపు ఇవ్వడం పని. కిటికీ లోంచి చూస్తే క్రేను కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. ఆవిడ మెడ వంచి, బల్ల మీదికి వంగి, ఎలాగో మూడో అరుగు దాకా చూడగలిగింది. అంతకు పైన ఏం జరుగుతోందో చప్పుడును బట్టి ఊహించుకోవాల్సిందే. మోటారు ఒకసారి గుర్రుమంటే ఆవిడ కుడి చెయ్యి బల్ల మీద తనంతట తానే కదిలింది.

మంగళవారానికి ఆవిడకు కొత్త జబ్బు పట్టుకుంది. తన గుండె చప్పుడు తనకు వినబడడం మొదలైంది. పడుకుంటే చెవిలో, కూర్చుంటే మెడలో, నట్లు లెక్కపెడుతుంటే వేళ్ళలో. అంతకుముందు ఆ గుండె ఎక్కడుందో కూడా ఆవిడ పట్టించుకోలేదు. అది తన పని తను చేసుకునేది, ఈవిడ తన పని తను చేసుకునేది. ఇప్పుడు ఎడమ భుజం కాస్త లాగినా, ఇదేనేమో అని చెమటలు పట్టేవి. భయపడింది, నిజంగానే భయపడింది. చావంటే కాదు. కుర్చీలో కూర్చుని నట్లు లెక్కపెడుతూ పోతానేమోనని భయపడింది.

ఇంట్లో ఆవిడ భర్త ఆవిడకంటే నాలుగాకులు ఎక్కువ భయపడ్డాడు. ఆయన దర్జీ. ఇంటి ముందు గదిలోనే మిషను. మెడలో కొలత టేపు వేసుకునే నిద్ర లేస్తాడు, వేసుకునే అన్నం తింటాడు. రిపోర్టు సంగతి విన్నప్పటి నుంచి నూనె సీసా అలమారా పైఅరలోకి ఎక్కించాడు, గుడ్లు పక్కింటికి ఇచ్చేశాడు, ఆవిడ సంచిలో ఎప్పుడూ ఉండే వేరుశనగ గింజల డబ్బా దాచేశాడు. మూడు పూటలా ఉడకబెట్టిన క్యారెట్లే. అవి తింటుంటే ఆవిడకు గుండెజబ్బు ఎలా ఉన్నా బతుకు మీద విరక్తి మాత్రం కలిగింది. నూనె సీసా పైకెక్కింది, నన్నేమో కిందికి దించారు, అని ఆవిడ గొణిగితే ఆయన నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

మంగళవారం సాయంత్రం ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ఆ కాగితాన్ని మిషను మీద పరిచాడు. మొదట దాని పొడవూ వెడల్పూ చూసినట్టు చూశాడు. తర్వాత వేలు పెట్టి ఒక్కో వరసా చదివాడు. మొత్తం అని ఒక అంకె. దాని కింద మూడు నాలుగు వేరే అంకెలు.

"ఏమే, ఈ పై అంకె కింద అంకెలన్నీ కలిపితే వచ్చిందా?"

అయి ఉంటుందని ఆవిడ అంది.

"ఛాతీ కొలతా నడుం కొలతా కలిపి, ఒకటే అంకె చెప్పి, చొక్కా కుట్టమంటే నేనెలా కుడతాను? ఏది ఎంతో తెలియాలి గదా. నీకు ఎక్కువైంది ఛాతీయో నడుమో ఎవరైనా చెప్పారా?"

ఆవిడ క్యారెట్ ముక్క నోట్లో పెట్టుకోబోతూ ఆగింది. ఎవరూ చెప్పలేదు. తనూ అడగలేదు. లోడు ఎంత బరువో, ఏ వైపు మొగ్గుతుందో అడగకుండా ఒక్కసారి కూడా హుక్ పైకి లేపని మనిషి, తన రక్తం గురించి మాత్రం రెండు గీతలు చూసి కిందికి దిగిపోయింది. ఆవిడకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

* * *

బుధవారం పొద్దున ఆవిడ అరపూట సెలవు పెట్టి, రక్తం తీసుకున్న ల్యాబుకి వెళ్ళింది. వీధి చివర మందుల షాపు మీద చిన్న గది. మెట్లు ఇరవై రెండు, ఆవిడకు అవి మెట్ల కింద లెక్క కాదు. ల్యాబులో ఆయన పెద్దవాడు. సూది గుచ్చిన రోజు కూడా ఈయనే. కాగితం చూసి, గీతలు చూసి, ఈ రంగులు మేము వెయ్యలేదే అన్నాడు. సేఫ్టీ సారు వేశాడని ఆవిడ చెప్పింది. నాకు ఎక్కువైంది ఏదో చెప్పండి, మంచైనా చెడైనా, అని అడిగింది.

ఆయన స్టూలు లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. కొవ్వు తనంతట తాను రక్తంలో నడవలేదనీ, దాన్ని మోసే బళ్ళుంటాయనీ చెప్పాడు. ఒక రకం బళ్ళు సరుకు తెచ్చి దించుతాయి. అవసరానికి మించి తెస్తే ఆ సరుకు రక్తనాళాల గోడల్లో పేరుకుపోయి దారి ఇరుకు చేస్తుంది. దాన్నే జనం చెడ్డ కొలెస్ట్రాల్ అంటారు. రెండో రకం బళ్ళు అలా మిగిలిపోయినదాన్ని ఎత్తుకుని తిరిగి లివరుకి చేరుస్తాయి. అదే మంచిది.

"లివరుకా?" అంది ఆవిడ. చెయ్యి తెలియకుండానే ముందుకు కదిలింది, క్యాబిన్‌లో పట్టుకునే పిడి అక్కడ ఉన్నట్టు.

ఆయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు. "ఆ లివరు కాదమ్మా. కడుపులో ఉండేది, కాలేయం."

ఆవిడ కూడా నవ్వేసింది. మూడు రోజుల్లో అదే మొదటి నవ్వు. ఏ లివరైతేనేం, సైటులో మిగిలిపోయిన చెత్తని ఎత్తుకుపోయే బండి అన్నమాట అంది. ఆయన తల ఊపి, ఎర్ర గీత గీసిన ఎనభై ఆరు మీద వేలు పెట్టాడు. ఆ బండే ఇది. చెడ్డది నూటపన్నెండు, అది హద్దులు దాటి ఎటూ పోలేదు. ఈ మంచిది మెండుగా ఉండబట్టే పైన మొత్తం రెండు వందలు దాటింది.

"మరి మంచిదైతే హెచ్ ఎందుకు పడింది?"

"యంత్రం అచ్చు వేస్తుందమ్మా. మామూలుకంటే పైనుంటే హెచ్, కిందుంటే ఎల్. అది మంచికా చెడుకా అన్నది దానికి తెలీదు. చదివేవాడికి తెలియాలి."

అంతటితో ఆయన ఆవిడను ఆకాశానికెత్తలేదు. మంచిది ఎక్కువుంది గదా అని గుండెకి ఢోకా లేదని ఎవరూ రాసివ్వరనీ, బీపీ, షుగరు, పొగ తాగడం, ఇంట్లో వాళ్ళ జబ్బులు, అన్నీ డాక్టరు చూడాలనీ అన్నాడు. ఈ అంకె కొంత పుట్టుకతో వస్తుంది, కొంత ఒళ్ళు వంచి పని చెయ్యడం వల్ల, పొగ జోలికి పోకపోవడం వల్ల వస్తుంది. మీ నిచ్చెనకూ ఇందులో కాస్త వాటా ఉండొచ్చు అన్నాడు. అదే మరీ తగ్గి ఎల్ పడితే, ఆ మనిషికి ఇంకేమైనా ఉందేమో జాగ్రత్తగా చూసుకోవాలని కూడా చెప్పాడు. ఆవిడ ఆ మాట విని ఊరుకుంది, తనకు ఎల్ లేదు గదా.

మధ్యాహ్నం స్టోరు కిటికీలోంచి చూస్తుంటే కొత్త ఆపరేటరు భోజనానికి దిగి, తిన్నాక మళ్ళీ ఎక్కుతున్నాడు. మొదటి అరుగు దాటాడు. రెండో అరుగు మీద ఆగిపోయాడు. పిడికిలి గుండె మధ్య పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత ఎక్కాడు, మళ్ళీ మూడో అరుగు మీద ఆగాడు. సాయంత్రం టేపు కావాలని స్టోరుకి వచ్చినప్పుడు నోట్లో ఏదో బిళ్ళ నములుతున్నాడు. గ్యాసక్కా అన్నాడు. ఎక్కేటప్పుడు బిగబట్టినట్టు అవుతుందట, నిలబడితే పోతుందట. గ్యాసుకి మెట్ల లెక్క ఎలా తెలుస్తుందని ఆవిడ మనసులో అనుకుంది.

నీ రిపోర్టు చూపించు అని అడిగితే గర్వంగా జేబులోంచి తీశాడు. శుభ్రమైన కాగితం. ఒక్క గీత లేదు. మొత్తం కొలెస్ట్రాల్ నూటడెబ్బై ఎనిమిది. ఆవిడ వేలు కిందికి జరిపింది. తన కాగితంలో ఎనభై ఆరు ఉన్న వరసలో ఇతనికి ఇరవై ఎనిమిది ఉంది. పక్కన చిన్న ఎల్. సేఫ్టీ సారు హెచ్‌లు వెతికాడు గానీ ఎల్ జోలికి పోలేదు. ఉన్నది ఎక్కువైతే ప్రమాదం గానీ, తక్కువైతే ప్రమాదమేమిటని అనుకుని ఉంటాడు.

ఆ క్షణంలో ఆవిడకు ఒక పాడు ఆలోచన వచ్చింది. రేపు ఇతను పైకి పోలేక చేతులెత్తేస్తే, శుక్రవారం యంత్రం ఎత్తడానికి తననే పిలుస్తారు. ఊరుకుంటే చాలు. వచ్చిన ఆలోచనకు ఆవిడ చెవులు వేడెక్కాయి. పైన కూర్చుని కింద నడిచేవాళ్ళ తలల మీదుగా ఇరవై రెండేళ్ళు బరువులు తిప్పింది, ఒక్క తలకూ దెబ్బ తగలనివ్వలేదు. ఇప్పుడు కింద కూర్చుని పైవాడి ప్రాణం మీదికి తేవడమా. వెంటనే అతనికి ఉన్నదున్నట్టు చెప్పి, రేపు ఎక్కొద్దంది. అతను నవ్వి, నీకు సీటు మీద మనసు పోలేదక్కా అన్నాడు. సేఫ్టీ సారు దగ్గరికి వెళితే ఆయనా దాదాపు అదే అన్నాడు, కాకపోతే ఇంకాస్త మర్యాదగా.

* * *

గురువారం ఆరున్నరకే ఆవిడ వచ్చింది. స్టోరు తాళం తియ్యలేదు. నేరుగా క్రేను దగ్గరికి వెళ్ళి, నిచ్చెన మొదటి మెట్టు మీద కూర్చుంది. ఒడిలో సంచి, సంచిలో రిపోర్టు. ఒక్కొక్కళ్ళే పనివాళ్ళు పోగయ్యారు. ఈల తమ్ముడు ఏం జరుగుతోందని అడిగితే, డాక్టరమ్మ పదింటికి వస్తుంది, అంతదాకా ఈ నిచ్చెనకు సెలవు అని చెప్పింది. కంపెనీ డాక్టరమ్మ ప్రతి గురువారం సైటు ప్రథమ చికిత్స గదిలో కూర్చుంటుంది. వారం వారం ఆవిడ సంతకం పెట్టే జాబితా సేఫ్టీ సారు ముందే తయారుచేసి ఉంచుతాడు.

కొత్త ఆపరేటరు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పక్కకు తప్పుకోమని మెల్లగానే అడిగాడు. ఆవిడ కదల్లేదు. సేఫ్టీ సారు పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వచ్చాడు. పని ఆపితే గేటు బయటికి పంపించాల్సి వస్తుందన్నాడు. పంపించండి, పంపించేముందు ఒక్క మాట వినండి అంది ఆవిడ. లేచి నిలబడింది గానీ మెట్టు వదల్లేదు.

"సార్, మా ఆయన దర్జీ. ఛాతీ, నడుం కలిపి ఒక్క అంకె రాసిస్తే చొక్కా కుట్టలేనంటాడు. మీరు మంచి కొలెస్ట్రాలూ చెడ్డ కొలెస్ట్రాలూ కలిపి నాకు గీత గీశారు. అది చాలక, మంచిది ఎక్కువైనందుకు ఇంకో గీత గీశారు. పోనివ్వండి, నేను నట్లు లెక్కపెట్టుకుంటాను. కానీ ఈ తమ్ముడికి ఆ మంచిదే అడుగంటింది. నిన్న రెండో అరుగు మీద గుండె పట్టుకుని నిలబడ్డాడు. గీత లేదని పైకి పంపిస్తున్నారు."

సేఫ్టీ సారు కళ్ళు ఆవిడ మీద లేవు. కొత్త ఆపరేటరు మీద ఉన్నాయి. అతని ఇస్త్రీ చొక్కా చంకల కింద ఏడు గంటలకే తడిసి ఉంది.

"ఏమయ్యా, నిజమేనా?"

ఆపరేటరు హెల్మెట్ తీసి చేతిలో తిప్పాడు. "గ్యాసే అనుకున్నాను సార్. తెల్లారుజామున కూడా వచ్చింది. మంచం మీదే. మెట్లేం ఎక్కలేదు." చెప్పి, కూలింగ్ యంత్రం తెచ్చిన ట్రెయిలరు అంచు మీద మెల్లగా కూర్చున్నాడు. ఎడమ దవడ రుద్దుకున్నాడు.

సేఫ్టీ సారే ఫోను తీశాడు. పదింటికి రావాల్సిన డాక్టరమ్మ ఏడుంపావుకల్లా వచ్చింది, తల కూడా సరిగా దువ్వుకోలేదు. ఈసీజీ తీసింది. చీటీ బయటికి వస్తుండగానే ఒక బిళ్ళ అతని చేత నమిలించి, అంబులెన్సుకి చెప్పింది. స్ట్రెచరు మీద పడుకోబెడుతుంటే అతను పైలోకమ్మ వైపు చెయ్యి చాపి, క్యాబిన్ తాళం ఆవిడ అరచేతిలో పెట్టాడు. అంబులెన్సు గేటు దాటాక ఆవిడ తాళాన్ని సేఫ్టీ సారుకి ఇచ్చేసింది. నాది తేలలేదు గదా సార్ అంది.

దాంతో డాక్టరమ్మ ఆవిడను లోపలికి పిలిచింది. బీపీ చూసింది, ఈసీజీ తీసింది, షుగరు అంకె చూసింది, అమ్మకూ నాన్నకూ ఏం జబ్బులుండేవో అడిగింది. ఆఖరున ఎర్ర గీతల కాగితం చేతిలోకి తీసుకుని, ఎనభై ఆరు దగ్గర ఆగి, నాకిందులో సగం ఉంది, రోజూ పార్కులో నడిచినా అంతకు మించడం లేదు అంది. తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ సేఫ్టీ సారు వైపు తిరిగింది. నేను సంతకం పెట్టాల్సిన చోట మీ ఎర్ర పెన్ను ఎందుకుందని అడిగింది. గొంతు పెంచలేదు, అయినా ఆయన తలుపు వదిలి లోపలికొచ్చాడు.

"కిందటి సైటులో ఒకడు క్యాబిన్‌లోనే పోయాడండీ. దించడానికి రెండు గంటలు పట్టింది. వాడి కాగితంలో అన్నీ హెచ్‌లే ఉన్నాయి. ఎవరూ చూడలేదు. అందుకని నేను..." అని ఆగిపోయాడు.

పైలోకమ్మకు ఆయన మీద ఉన్న కోపం సగం అక్కడే జారిపోయింది. మిగతా సగాన్ని పట్టి ఉంచుకుంది, ఆ మాత్రం హక్కు ఆవిడకుంది. డాక్టరమ్మ ఇకనుంచి కాగితాలన్నీ ముందు తన దగ్గరికే రావాలనీ, హెచ్‌లతో పాటు ఎల్‌లు కూడా చూడాలనీ, అంకెలు కాదు మనుషుల్ని చూడాలనీ చెప్పింది. అప్పటికప్పుడు పాత కట్ట తెప్పించి, ఒక్కో కాగితం తిరగేసింది. ఎల్ పడ్డవాళ్ళు ఇంకో ముగ్గురు తేలారు. వాళ్ళనీ పిలిపించింది. పైలోకమ్మ కాగితం కింద నీలం సిరాతో, ఎత్తు మీద పనికి తగును, అని రాసి సంతకం పెట్టింది. ఆ నాలుగు మాటలూ ఆవిడ మూడుసార్లు చదువుకుంది. మూడోసారికి అక్షరాలు కాస్త అలుక్కుపోయినట్టు కనిపించాయి, సిరాలో తప్పేమీ లేదు.

సేఫ్టీ సారు వైటనరు సీసా తెచ్చి, ఆ రెండు గీతలూ చెరిపేయమంటారా అని అడిగాడు. పైన గీత మీ ఇష్టం సార్, రెండోది మాత్రం ముట్టుకోకండి అని ఆవిడ కాగితం మడిచి సంచిలో పెట్టేసుకుంది.

సాయంత్రం ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. గుండెకు వెళ్ళే నాళాల్లో ఒకటి దాదాపు పూర్తిగా, ఇంకోటి సగానికి పైగా మూసుకుపోయాయట. తెరిచి, స్టెంట్లు వేశారు. మనిషి లేచి కూర్చున్నాడు, సిగరెట్ పెట్టె ఎవరో తీసి పారేశారని గొడవ చేస్తున్నాడు. గొడవ చేస్తున్నాడంటే బతికాడన్నమాటేనని ఈల తమ్ముడు తేల్చేశాడు. ఆవిడ ఇంటికి వెళ్ళి, అలమారా ముందు నిలబడి, చెయ్యెత్తి నూనె సీసా కిందికి దించింది. ఆయన మిషను ఆపి చూశాడు. చెంచాతో కొలిచి వెయ్యి, గుండెలో ఏమీ లేదని సీసా మొత్తం వంచెయ్యకు అన్నాడు. చెప్పిన మాట ఆవిడ విన్నది. కొలిచే వేసింది.

శుక్రవారం గాలి లేదు. పైలోకమ్మ పదకొండు నిచ్చెనలూ ఎక్కింది. ఏడో అరుగు మీద ఆగి ఊరు చూసుకుంది, గుండె మీద ఒకసారి చెయ్యి వేసింది. అది తన పని తను చేసుకుంటోంది. క్యాబిన్‌లో కూర్చుని, రిపోర్టు తీసి, ఎడమ వైపు అద్దానికి టేపు వేసి అంటించింది. ఎనభై ఆరు కింద ఎర్ర గీత వెలుతురులో బాగా కనిపించింది. కింద ఈల వినబడింది. నాలుగు రోజుల తర్వాత, పొడుగ్గా, సైటంతా తలెత్తేటంత గట్టిగా వేశాడు ఈల తమ్ముడు.

ఏడు టన్నుల యంత్రం ట్రెయిలరు మీంచి జానెడు లేచింది. ఆవిడ అక్కడే ఆపి, ఊగుతోందేమో చూసింది. తర్వాత తొందర మనిషి లివరును సగం దాకా జరిపి, ఒక క్షణం ఆగి, మిగతా సగం జరిపింది. యంత్రం అంతస్తు తర్వాత అంతస్తు పైకి వచ్చింది. పనివాళ్ళు కిటికీ ఖాళీల దగ్గరికి వచ్చి, అది తమ ముందు నుంచి వెళుతుంటే పని ఆపి చూశారు. పైకప్పు మీద నలుగురు మనుషులు తాళ్ళు పట్టుకుని దాని మొహాన్ని తిప్పారు. ఇంకో మూడు వేళ్ళు, ఇంకో రెండు, ఒకటి. నాలుగు బోల్టులూ నాలుగు కన్నాల్లోకి దిగాయి. ఒక్కసారి కూడా మళ్ళీ ఎత్తాల్సిన పని పడలేదు. పైకప్పు మీద వాళ్ళు హెల్మెట్లు ఊపారు.

వాకీటాకీలో గరగరమని చప్పుడొచ్చింది. ఈల తమ్ముడు కాదు, సేఫ్టీ సారు. గొంతు సవరించుకుని, "పైన ఎలా ఉందమ్మా?" అని అడిగాడు.

ఆవిడ అద్దం మీద కాగితం వైపు చూసింది.

"హెచ్ సార్" అంది. "రెండోది."

కింద ఎవరో పకపకా నవ్వారు. వెనకాలే సేఫ్టీ సారు నవ్వు కూడా వినబడింది. పైలోకమ్మ వాకీటాకీ పక్కన పెట్టి, ఖాళీ హుక్‌ను తర్వాతి బరువు కోసం కిందికి పంపింది.